వాకిట్లో ముప్ఫయ్యెనిమిది బస్తాలు

తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, నాలుగు ముగ్గుకర్రలు గీయడం మన ఇళ్ళలో ఆడవాళ్ళకి ఒక పనిగానే తోచదు. పావుగంటలో అయిపోతుంది. అదే వాకిలి అమెరికాలోనో కెనడాలోనో ఉండి, నెల జనవరి అయిందనుకోండి. ఒక్కొక్కనాడు మూడేసి గంటలు పడుతుంది. చీపురు చాలదు, పార కావాలి. పార పట్టినవాడి గుండె కూడా గట్టిది కావాలి. ఈ వారం కబుర్లు ఆ వాకిలిని గురించి.

తెనాలిలో అరుగుమీద కూర్చుని చదువుకునే పత్రికలో మంచు తీసే యంత్రాల ప్రసక్తి ఏమిటని పెద్దలు కోప్పడవచ్చు. నిజమే, మనకి మంచు అంటే లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున గడ్డిమీద కనిపించే తెల్లదనమే. కాని ఇవాళ ఏ వీధిలో చూసినా నాలుగిళ్ళ పిల్లలు ఆ దేశాల్లో ఉన్నారు గదా! ఒక తల్లిగారు నాకిల్లా రాశారు: "మా అబ్బాయి సిరక్యూజ్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నాడు. ఇప్పుడు 1200 డాలర్లు పోసి మంచు ఊదే మిషను కొంటానంటున్నాడు. మన డబ్బులో లక్ష దాటుతుంది. ఏడాదిలో నాలుగునెలలు పనికొచ్చే వస్తువుకి అంత పొయ్యాలా? రెండు పారలు కొనుక్కుంటే సరిపోదా, మాస్టారూ?"

సరిపోదమ్మా. సిరక్యూజ్‌లో సరిపోదు. ఎందుకు సరిపోదో చెబుతాను. కొనేటప్పుడు దేన్ని చూసి కొనాలో కూడా చెబుతాను. తెలుగు పంతులికి ఇనపసామానుతో ఏం పని అని నవ్వకండి. మా తమ్ముడు బఫెలో నగరం శివార్లలో ఉంటాడు. సెలవు పెట్టి వాడి దగ్గర ఒక చలికాలం గడిపాను. పార పట్టాను, యంత్రమూ తోశాను.

ముందుగా ఆ వాకిలి ఎల్లా ఉంటుందో చూడండి. అక్కడ ఇల్లు వీధికి ఆనుకుని ఉండదు. వీధి నుంచి కారుకొట్టం దాకా తారుతోనో సిమెంటుతోనో వేసిన బాట ఒకటి ఉంటుంది. దాన్ని డ్రైవ్‌వే అంటారు. రెండు కార్లు పక్కపక్కన పట్టే బాట సుమారు 20 అడుగుల వెడల్పు, పొడుగు 50 అడుగులు అనుకుందాం. వెయ్యి చదరపుటడుగులు. దానిమీద రాత్రికి రాత్రి అడుగు మందాన మంచు పడితే వెయ్యి ఘనపుటడుగులు. సామాన్యంగా పదంగుళాల మంచు కరిగితే అంగుళం నీరవుతుందని లెక్క. కాబట్టి ఆ వాకిట్లో పడింది వంద ఘనపుటడుగుల నీరన్నమాట. ఘనపుటడుగు నీరు 28 కిలోల పైచిలుకు తూగుతుంది. అంటే మొత్తం 28 క్వింటాళ్ళు. మన కొలతలో 75 కిలోల ధాన్యపు బస్తాలు దరిదాపు 38! ఇది పొడిమంచు సంగతి. తడిమంచు అయితే దీనికి రెట్టింపు కూడా ఉండవచ్చు. రోజంతా కుర్చీలో కూర్చుని లెక్కలు రాసుకునే నలభై అయిదేళ్ళ మనిషి, ఆఫీసుకి వెళ్ళేలోగా, కాఫీ అయినా తాగకుండా, ముప్ఫయ్యెనిమిది బస్తాల సరుకు పారతో ఎత్తి పక్కకి పొయ్యాలి. మన కళ్ళాల్లో బస్తాలెత్తే కూలీలు కూడా అది నలుగురు పంచుకుని చేస్తారు.

ఇక్కడొక చిన్న పేచీ. మనకి ఉన్నది ఒక్కటే మాట: మంచు. గడ్డిమీద తెల్లవారి కనిపించే బిందువులూ మంచే, రోడ్డుమీద లారీలని కనపడనియ్యకుండా చేసే పొగా మంచే, హిమాలయం మీద పేరుకున్నదీ మంచే. అమరకోశంలో హిమం, తుషారం, నీహారం, తుహినం, ప్రాలేయం అంటూ వరసగా పేర్లున్నాయిగాని అవి పద్యాలకే సరిపోయాయి, పారకి పనికిరాలేదు. మంచులో చిక్కుకున్న గృహస్థు కథ మాత్రం మనకి ఒకటి లేకపోలేదు. పెద్దనగారి ప్రవరుడు కాళ్ళకి పసరు పూసుకుని హిమాలయానికి వెళ్ళాడు. ఆ పసరు మంచుకి కరిగిపోయింది, ఇల్లు చేరే ఉపాయం పోయింది. ఇప్పుడు మన ప్రవరుల అవస్థ దానికి తలకిందులు. ఇంట్లోనే ఉంటారు, బయటికి రాలేరు.

బయటివాడికి తెలియని భేదాలు ఆ ఊళ్ళవాళ్ళకి పారమీద పడగానే తెలిసిపోతాయి. గట్టిచలిలో పడేది పిండిలాగా ఉంటుంది, ఊదితే లేస్తుంది. చలి కాస్త సడలినప్పుడు పడేది తడిపిండిలాగా అంటుకుంటుంది. పడ్డ మర్నాడు ఎండకి కరిగి రాత్రికి మళ్ళీ గడ్డకట్టింది రాయి. ఈ మూడూ ఒక యంత్రానికి ఒకటే కావు. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం వస్తుంది.

ఇహ గుండె సంగతి. నా ఉద్దేశంలో ఈ బేరంలో అసలు విషయం ఇదే, డాలర్లు కావు. చలిలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. దానికితోడు పార పని కాళ్ళతో చేసేది కాదు, చేతులతో చేసేది. అల్లాంటి పని గుండెకి మరీ భారం. బరువెత్తేటప్పుడు మనిషి తెలియకుండానే ఊపిరి బిగబడతాడు, అది ఇంకొకటి. అంచేతనే ప్రతి చలికాలమూ అక్కడి గుండెవైద్యులు పారలను గురించి హెచ్చరికలు చేస్తూ ఉంటారు. 2022 డిసెంబరులో, క్రిస్మస్ పండగనాళ్ళలో, బఫెలో ప్రాంతాన్ని ఒక హిమతుపాను ముంచెత్తింది. నలభైమందికి పైగా పోయారు. కార్లలో చిక్కుకుపోయినవారూ, ఇళ్ళలో చలికి పోయినవారూ అందులో ఉన్నారు. వాకిట్లో మంచు తీస్తూ గుండె ఆగి పోయినవారూ ఉన్నారు. మన దక్షిణాసియావాళ్ళకి గుండెజబ్బులు తక్కినవాళ్ళకంటె ముందు వయస్సులోనే వస్తాయన్నది వైద్యులు ఏనాటినుంచో చెబుతున్న మాట. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకొక చిక్కుంది. మనవడు పుట్టాడనో, కోడలికి సాయమనో ఇక్కడినుంచి తల్లిదండ్రులు వెళతారు. తండ్రిగారు రిటైరయినాయన, ఖాళీగా కూర్చోలేరు. కొడుకు ఆఫీసు పనిలో ఉండగా చూసి, "నువ్వు నీ పని చూసుకోరా అబ్బాయీ, ఈ కాస్తా నేను తీసి పారేస్తాను" అంటూ మంకీటోపీ పెట్టుకుని పార పట్టుకుంటారు. కోడలు "మామయ్యగారూ, వద్దండీ" అంటుంది. ఆయన వినరు. అరవై దాటిన మనిషి, పుట్టి బుద్ధెరిగి అంత చలి చూడనివాడు, బీపీకి మాత్రలు వేసుకునేవాడు. ఆయన చేతికి ఆ పార అందకుండా కొట్టంలో పైన మేకుకి తగిలించండి. మర్యాదకి లోటు వస్తే రానివ్వండి.

ఇంతకీ ఆ యంత్రం ఎల్లా పనిచేస్తుందంటే, మన బియ్యపుమిల్లు వెనక ఊక గొట్టంలోంచి ఎగిరి కుప్పగా పడుతుంది చూశారూ, ఇంచుమించు అల్లాగే. ముందు నోట్లో మరచుట్టులాంటి ఇనపపళ్ళ కడ్డీ ఒకటి తిరుగుతూ మంచుని లోపలికి లాక్కుంటుంది. పైనున్న గొట్టంలోంచి అది దూరంగా ఎగిరి పడుతుంది. మిల్లు పోలిక నేను కల్పించింది కాదు సుమా. కెనడాలో క్వెబెక్ రాష్ట్రపు ఆర్థర్ సికార్డ్ అనే ఆయనకి పొలంలో ధాన్యం నూర్చే యంత్రాన్ని చూస్తే ఈ ఊహ తట్టిందని చెబుతారు. 1925లో ఆయన లారీమీద ఎక్కించే మంచుయంత్రం తయారుచేశాడు. 1927లో మాంట్రియల్ పక్కనున్న ఊట్రెమోన్ పట్టణంవారు మొదటిది కొన్నారు. అంతకుముందే, 1869లో, టొరంటోలో ఒక పళ్ళడాక్టరు రైలుపట్టాల మీద మంచు తీసే చక్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. పళ్ళు పీకేవాడికి పళ్ళచక్రం తట్టడంలో వింతేముంది! ఇంటివాళ్ళు వెనక నడుస్తూ తోసుకునే చిన్నరకాలు 1950ల తరవాతనే వ్యాప్తిలోకి వచ్చాయి.

వాడుకలో స్నో బ్లోయర్ అంటారుగాని కొన్ని రకాలు ఊదనే ఊదవు, విసురుతాయి. ఇది పంతులిగారి చాదస్తం అనుకోకండి. మీ అబ్బాయి తేల్చుకోవలసిన మొదటి భేదం ఈ రెండు క్రియల్లోనే ఉంది.

అయితే అంతకుముందు, అసలు కొనాలా అన్నది ఒకటి తేల్చుకోవాలి. డాలస్‌లో ఏడాదికి సగటున రెండంగుళాల మంచు కూడా పడదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ చలికి గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు జనానికి కావలసివచ్చింది దుప్పట్లూ మంచినీళ్ళూ, మంచుయంత్రం కాదు. వరసఇళ్ళలో ఉండేవాళ్ళకి చాలాచోట్ల సంఘంవారే మంచు తీయిస్తారు, ఆ ఖర్చు నెలనెలా కట్టే చందాలోనే ఉంటుంది. ముందు ఆ కాగితం చదువుకోవాలి. చిన్న లారీకి ముందు ఇనపరేకు కట్టుకుని చలికాలం మొత్తానికి ఇంత అని గుత్తకి తీసేవాళ్ళు కూడా ఉన్నారు. నడుంనొప్పివాళ్ళకీ, గుండెకి ఇదివరకే వైద్యం జరిగినవాళ్ళకీ అదే మేలు. చిక్కల్లా ఏమిటంటే తుపాను వచ్చిననాడు ఆ లారీవాడికి యాభై ఇళ్ళుంటాయి, మీది నలభై ఆరోది కావచ్చు.

డిట్రాయిట్ చుట్టుపట్ల మనవాళ్ళు చాలామంది ఉన్నారు, అక్కడ ఏడాదికి సగటున 45 అంగుళాల మంచు. బఫెలోలో 95. సిరక్యూజ్‌లో 120 దాటుతుంది. ఆ రెండు ఊళ్ళకీ అంత ఎందుకంటే, ఇంకా గడ్డకట్టని పెద్ద సరస్సుల మీదుగా చలిగాలి వీస్తూ ఆవిరి పీల్చుకుని, ఒడ్డు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. ఇల్లాంటి చోట్ల కొనక తప్పదు.

ఇప్పుడు రకాలు. సింగిల్ స్టేజి అనే చిన్నరకంలో తిరిగే కడ్డీ ఒక్కటే. దానికి రబ్బరు రెక్కలుంటాయి, అవే నేలని రాచుకుంటూ మంచుని తీసి అవే గొట్టంలోంచి విసురుతాయి. విసిరేదంటే ఇదే. వెడల్పు 18 నుంచి 22 అంగుళాలు. నేల నున్నగా గీకినట్లు శుభ్రపడుతుంది, ఆ సుఖం పెద్దరకంలో లేదు. తేలిక, చోటు తక్కువ. ఆరేడు అంగుళాల పొడిమంచుకి దివ్యంగా ఉంటుంది. కాని కంకరబాట అయితే దీన్ని తలపెట్టకండి; రాళ్ళు ఏరి పక్కింటి కిటికీమీదికి విసురుతుంది.

టూ స్టేజిలో ఇనపపళ్ళ కడ్డీ మంచుని పగలగొట్టి మధ్యకి చేరుస్తుంది. దాని వెనక రెక్కలచక్రం ఇంకొకటి వేగంగా తిరుగుతూ దాన్ని గొట్టంలోంచి నలభై అడుగులదాకా చిమ్ముతుంది. వెడల్పు 24 నుంచి 30 అంగుళాలు, నోరు ఇరవై అంగుళాల పైన ఎత్తు. చక్రాలని ఇంజనే తిప్పుతుంది, మనిషి వెనక నడిస్తే చాలు. నోటికి అటూ ఇటూ ఉన్న ఇనపచెప్పులు కొంచెం దించితే నోరు నేలకి పైకి లేస్తుంది, కంకరమీదకూడా నడుస్తుంది. బరువు వందకిలోల దరిదాపు. త్రీ స్టేజి అని ఇంకొకటి అమ్ముతారు. దానికి మంచుగడ్డలని నలగ్గొట్టే మర ఇంకొకటి ఎక్కువ. మామూలు ఇంటికి అది పెళ్ళిపందిట్లో రెండో సన్నాయి.

దుకాణంలో గుమాస్తా అడిగే ప్రశ్న ఒక్కటే: "మీ ఊళ్ళో మంచు ఎన్నంగుళాలు పడుతుంది?" దానికి జవాబు చెప్పి, కాగితంమీద లెక్క సరిపోయిందని చిన్నరకం కొనుక్కుని ఇంటికొచ్చేవాళ్ళు చాలామంది. ఆ ప్రశ్న చాలదు. వాకిలిమీద ఆకాశంనుంచి పడ్డ మంచు ఒకటి. వాకిలి మొగదల పడేది వేరొకటి. మునిసిపాలిటీ లారీ వీధిలో మంచు తోసుకుంటూ వెళ్ళినప్పుడు, దాని రేకుకి పక్కగా జారినదంతా ప్రతి ఇంటి మొగదలా గట్టులా పడిపోతుంది. ఆ గట్టు పిండి కాదు. లారీ నొక్కిన తడి, ఉప్పు, బురద, గడ్డలు, అన్నీ కలిసి ఉంటాయి. వాకిట్లో ఆరంగుళాలు పడిననాడు మొగదల మోకాలెత్తు ఉంటుంది. దాన్ని అల్లాగే వదిలేస్తే సాయంత్రానికి రాయి. చిన్నయంత్రం వాకిలంతా పావుగంటలో ఊడ్చేసి, సరిగ్గా ఆ చివరి నాలుగడుగుల దగ్గర ముక్కు ఎత్తి పైకెక్కబోతుంది, ముందుకు పోదు. అప్పుడు యజమాని ఏం చేస్తాడు? పార తెస్తాడు. అంటే పార బాధ తప్పించుకుందామని యంత్రం కొన్నవాడు, అందరికంటె బరువైన మంచుని మాత్రం పారతోనే ఎత్తుతాడు. అదీ అప్పటికే అలిసిపోయాక.

అంచేత నేను చెప్పేదల్లా ఇది: యంత్రాన్ని వాకిలినిబట్టి కొనకూడదు, వాకిలి మొగదల గట్టునిబట్టి కొనాలి. నిరుటి జనవరిలో ఆ గట్టు ఎంత ఎత్తు పడిందో పక్కింటివాళ్ళని అడిగితే చెబుతారు. పెద్దరోడ్డు మీది ఇల్లయితే గట్టు పెద్దది. మలుపులేని సందులో చివరి ఇల్లయితే లారీ తిరిగేచోట తోసినదంతా మీ మొగదలే. బాట చిన్నదే కదా అని అల్లాంటి ఇంటికి చిన్నయంత్రం కొనడం దండగ. సిరక్యూజ్ అబ్బాయి చెప్పిన 1200 డాలర్లలో 24 అంగుళాల టూ స్టేజి యంత్రం వస్తుంది. అదే సరైనది.

గట్టు తరవాత చూడవలసింది తోసే మనిషిని. యంత్రం ఉంటే గుండెకి భయంలేదనుకోవడం భ్రమ. బరువైన యంత్రాన్ని చలిలో తోయడం కూడా గుండెని దౌడు తీయించే పనే. కాబట్టి ఇంజను చక్రాలని తిప్పే రకమే కొనాలి. పైగా దుకాణంలో కొనేది మగవాడుగాని, అతడు ఊళ్ళో లేనినాడు తోసేది ఆ ఇల్లాలు. ఆవిడని వెంట తీసుకువెళ్ళి, పిడి ఆవిడ నడుముకి అందుతుందా, మలుపు దగ్గర ఒక మీట నొక్కితే ఒకవైపు చక్రం ఆగి దానంతటది తిరుగుతుందా, చేతితొడుగులతోనే మీటలు తిరుగుతాయా అని చూసి మరీ కొనాలి. 30 అంగుళాలదయితే పని తొందరగా అవుతుందని మగవాళ్ళు మోజుపడతారు. అది తిరగడానికి చోటు కావాలి, కొట్టంలో కారుపక్కన పట్టాలి. తాడు లాగి ఇంజను తిప్పే బాధ లేకుండా గోడప్లగ్గుకి తగిలించి మీటనొక్కి తిప్పే ఏర్పాటు ఇప్పుడు చాలావాటికి ఉంది. అది లేనిది కొనకండి. సున్నాకి పది డిగ్రీలు కిందున్న ఉదయం ఆ తాడు లాగడం పారపనికేమీ తీసిపోదు.

పెట్రోలా, కరెంటా, బ్యాటరీయా అన్న చర్చ అక్కడ మన రాజకీయాలంత జోరుగా సాగుతుంది. నేను రెండుముక్కల్లో తేలుస్తాను. తీగతో నడిచే కరెంటుది చవక, చిన్నబాటకి సరే. ఆ తీగని ఆ యంత్రమే మింగకుండా కనిపెట్టుకుని ఉండాలి. బ్యాటరీది చప్పుడుండదు, పొగ ఉండదు, తెల్లవారి నాలుగింటికి నడిపినా పొరుగువారు తిట్టరు. కాని చలికి బ్యాటరీ శక్తి తగ్గిపోతుంది కాబట్టి దాన్ని ఇంట్లో వెచ్చగా ఉంచి, పని వేళకి తెచ్చి తగిలించాలి. పెద్దగట్టు దగ్గర గంటసేపు ఆగకుండా పని ఉంటే ఇప్పటికీ పెట్రోలుదే మేలు. పెట్రోలు ఇంజనుకి నిలవనూనె పడదు. చలికాలం అయిపోగానే ట్యాంకు ఖాళీచెయ్యాలి, లేదా పెట్రోలు చెడకుండా కలిపే మందు కలపాలి. అది చెయ్యకుండా మూల పెట్టేస్తే నవంబరు నాటికి కార్బురేటరు జిగురుపట్టి, మొదటి మంచునాడు మొరాయిస్తుంది. ఆనాడు ఊళ్ళో మెకానిక్కు దొరకడు.

పెట్రోలుదాన్ని కారుకొట్టంలో తలుపు మూసి నడపరాదు. తలుపు తీసి ఉన్నా లోపల నిలబెట్టి వేడెక్కించరాదు. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన లేదు, రంగు లేదు, కొట్టం గోడ దాటి పడకగదిలోకి వెళుతుంది. బయటికి తోసి అక్కడే తిప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా వేళ్ళ సంగతి చెప్పాలి. తడిమంచు అంటుకుంటుందని ఇందాక అన్నాను చూడండి, అది గొట్టంలో పట్టేస్తుంది. యంత్రం తిరుగుతూ ఉంటుంది, మంచు రాదు. మనిషికి తొందర, చలి, విసుగు. ఇంజను ఆపుతాడు. ఆపాను గదా అని గొట్టంలోకి చెయ్యి పెడతాడు. లోపల రెక్కలచక్రం మంచుతో బిగిసి నిలిచిపోయి ఉందిగాని బెల్టులో బిగువు ఇంకా మిగిలే ఉంటుంది. వేలితో మంచు కదిలించగానే ఆ బిగువు విడిపోయి చక్రం సగం చుట్టు తిరుగుతుంది. సగం చుట్టు చాలు. అక్కడ ఏటా కొన్నివేలమంది ఈ యంత్రాలవల్ల దెబ్బలు తిని ఆసుపత్రులకి వెళుతున్నారు, వాళ్ళలో వేళ్ళు పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారు. చేతితొడుగు కాపాడదు సరిగదా, పట్టుకుని లోపలికి లాగుతుంది. ఇంజను ఆగినా సరే, చెయ్యి పెట్టరాదు. కర్ర పెట్టాలి. ఆ పనికోసమే ప్లాస్టిక్ గరిటెలాంటిది ఒకటి యంత్రానికే తగిలించి ఇస్తారు. అది ఊడదీసి ఎక్కడో పారేసేవాళ్ళని చూశాను. గొట్టంలోపల వంటనూనె చిమ్మి పూస్తే మంచు అంత అంటుకోదు. మనం పెనానికి నూనె రాసినట్లే.

పిడి వదిలేస్తే యంత్రం ఆగిపోయేటట్లు పట్టుమీట ఉంటుంది. చెయ్యి నొప్పెడుతోందని దాన్ని తాడుతో కట్టేసే మహానుభావులున్నారు. మీ అబ్బాయి ఆ తెలివితేటలు చూపితే ఫోనులోనే చీవాట్లు పెట్టండి. యంత్రం నడుస్తున్నంతసేపూ పసిపిల్లలు ఇంట్లో కిటికీ దగ్గరే ఉండాలి.

ఇహ నడిపే వైనం. మంచు ఆగాక ఒక్కసారే తీద్దామని కూర్చోకుండా, ఆరేసి అంగుళాలు పడినప్పుడల్లా తీసెయ్యడం యంత్రానికీ సుఖం, మనిషికీ సుఖం. గాలి ఎటు వీస్తే అటే చిమ్మాలి, లేకపోతే ముఖాన పడుతుంది. వీధిలోకి చిమ్మడం చాలా ఊళ్ళలో నేరం. పక్కింటి బాటమీదికి చిమ్మడం ఏ శాసనంలో లేకపోయినా, పేరంటాలు ఆగిపోతాయి.

మొగదల గట్టుకి మాత్రం అక్కడి పాతకాపులు చేసే ఉపాయం ఒకటుంది. ఆ దేశంలో బళ్ళు కుడిచేతివైపున నడుస్తాయి. కాబట్టి వీధివైపు తిరిగి నిలబడితే మంచులారీ మన ఎడమచేతి పక్కనుంచి వస్తుంది. బాటకి ఆ ఎడమపక్కన, వీధి అంచునే, ఒక పది పన్నెండడుగులు అదనంగా శుభ్రం చేసి ఖాళీగా ఉంచాలి. లారీ రేకుమీది బరువు ఆ ఖాళీలో పడిపోతుంది, మన మొగదలకి వచ్చేసరికి రేకు సగం ఖాళీ అవుతుంది. మా తమ్ముడి పొరుగున ఉన్న ముసలాయన ఇది చేసి చూపించాడు. అందరూ రెండోసారి గట్టు తీస్తుంటే ఆయన లోపల కూర్చుని కాఫీ తాగుతూ ఉండేవాడు.

కొనడానికి అదను సెప్టెంబరు, అక్టోబరు. తుపాను వస్తోందని రేడియోలో చెప్పిన సాయంత్రం వెళితే మిగిలినదే కొనుక్కోవాలి, అడిగినంతా ఇచ్చుకోవాలి. మార్చి నెలాఖరున మిగిలిన సరుకు ధర తగ్గించి అమ్ముతారు, ఓపిక ఉన్నవాళ్ళకి అదీ మంచిదే. కొన్నాక మొదటి మంచు పడకముందే బాట అంచుల వెంబడి ఎర్రరంగు కర్రలు పాతుకోవాలి. మంచు కప్పేశాక బాట ఏదో పచ్చిక ఏదో ఆ యజమానికే తెలియదు. కాలిపట్టాలు, పిల్లల బొమ్మలు, నీళ్ళగొట్టం ఏరి లోపల పెట్టుకోవాలి. కడ్డీకి రాయో కర్రో తగిలితే లోపలి పళ్ళచక్రాలు పగిలిపోకుండా ముందు తానే విరిగిపోయే చిన్న మేకులుంటాయి, వాటిని షియర్ పిన్నులంటారు. వాటిస్థానంలో చేతికందిన గట్టిబోల్టు బిగిస్తే మేకు మిగులుతుంది, యంత్రం పోతుంది. ఆ పిన్నులు అరడజను కొని కొట్టంలో ఉంచుకోవాలి. వాటిని తరచు విరగ్గొట్టేది రాయీ కాదు, కర్రా కాదట. తెల్లవారుజామున పేపరువాడు విసిరిపోయి, మంచు కింద గడ్డకట్టిన దినపత్రిక!